మడ అడవుల్లో పని: టూరిజం చదవాలా, పర్యావరణమా?

ప్రశ్న: బీఎస్సీ వృక్షశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నాను. మడ అడవుల పరిరక్షణలో, స్థానికులతో కలిసి నడిపే పర్యావరణ పర్యాటకంలో పని చేయాలని ఉంది. పీజీకి టూరిజం మేనేజ్‌మెంట్ తీసుకోవాలా, పర్యావరణ శాస్త్రమా? నిలకడైన ఉద్యోగాలు ఉంటాయా అని ఇంట్లో అడుగుతున్నారు.
- ఒక విద్యార్థిని

జవాబు: పర్యావరణ శాస్త్రమే తీసుకోండి. వృక్షశాస్త్రం పునాది ఉండగా దాన్ని వదిలి టూరిజం వైపు వెళ్లడం నష్టమే. సందర్శకులను తిప్పి చూపడం, పడవల వేళలు చూసుకోవడం పనిలో దిగాక నేర్చుకోవచ్చు. నేల ఎత్తు, నీటిలో ఉప్పదనం, ఆటుపోట్ల లెక్క మాత్రం చదువుకునే రోజుల్లోనే పట్టుబడాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మడ అడవిని తిరిగి పెంచడమంటే మొక్కలు నాటడమేననుకుని చాలాచోట్ల డబ్బును బురదపాలు చేశారు. మడ సహజంగా పెరగని పల్లపు నేలల్లో, ఎక్కువసేపు నీట మునిగి ఉండేచోట నాటితే మొక్క బతకదు. తమిళనాడులోని పిచ్చావరంలో గతంలో చెట్లను మొత్తంగా నరికిన చోట నేల కుంగింది. పోటుకు వచ్చిన నీరు తిరిగి పోలేక అక్కడే ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, నీటికి రాకపోకలు కల్పించాకే అక్కడ మొక్క నిలదొక్కుకుంది. మొక్క ఎందుకు చస్తోందో చెప్పగలిగినవారు ఈ రంగంలో తక్కువ. మీరు ఆ కొద్దిమందిలో ఒకరు కావాలి.

ఇక ప్రజల భాగస్వామ్యం. ప్రాజెక్టు నివేదికల్లో ఈ మాట తేలిగ్గా దొర్లిపోతుంది. ఊళ్లోకి వెళ్లాక మాత్రం హక్కు ఎవరిది, డబ్బు ఎవరి చేతికి వస్తుంది అన్న దగ్గరే అంతా ఆగుతుంది. గాంబియాలోని తన్బి చిత్తడి నేలల్లో ఆల్చిప్పలు ఏరుకునే మహిళలు సంఘంగా ఏర్పడ్డారు. 2012లో ప్రభుత్వం అక్కడి సేకరణ హక్కును ప్రత్యేకంగా వారికే ఇచ్చింది. హక్కు తమదైనప్పుడు, ఏరడం ఆపాల్సిన నెలల్లో ఆపడానికి కారణం ఉంటుంది. కెన్యాలో గాజీ, మకోంగేని గ్రామాలు 117 హెక్టార్ల మడ అడవిని కాపాడుతూ 2013లో మొదలైన పథకం కింద కార్బన్ క్రెడిట్లు (అడవి పీల్చి దాచే కార్బన్‌ను లెక్కగట్టి ఇచ్చే పత్రాలు) అమ్ముతున్నాయి. ఆ రాబడి తాగునీటికి, బడులకు వెళ్తోంది. గాజీలో మహిళలు నడిపే చెక్క నడకదారి కూడా ఉంది, సందర్శకుల రుసుము దాని ద్వారా వస్తుంది. పర్యాటకాన్ని అక్కడ పెట్టినట్లే, ఇతర రాబడుల పక్కన ఉంచాలి. 2020లో కరోనా వచ్చి ప్రయాణాలు ఆగిపోయినప్పుడు సందర్శకుల మీదే ఆధారపడ్డ ఊళ్ల సంగతి మీకూ తెలుసు.

పర్యాటకం వద్దనడం లేదు. మలేసియాలోని క్వాలా సెలంగోర్‌లో నది ఒడ్డు మడ చెట్ల మీద మిణుగురులు ఒకే లయలో వెలుగుతాయి, రాత్రిపూట జనం పడవల్లో వెళ్లి చూస్తారు. దీపాల వెలుగు వాటిని చెదరగొడుతుంది, మోటారు పడవల అలలు ఒడ్డును కోస్తాయి. రోజుకు ఎన్ని పడవలు, ఎంత వేగం, ఏ దీపం అని తేల్చి, ఆ నియమాన్ని పడవవాళ్లు తమదిగా పాటించేలా మాట్లాడి ఒప్పించడమే మీరు కోరుకుంటున్న ఉద్యోగం. రోజులో ఎక్కువ భాగం సమావేశాల్లో, పద్దు పుస్తకాల ముందు గడుస్తుంది. కాబట్టి సంఘాల లెక్కలు రాయడం నేర్చుకోండి. ఈ సలహా విని చాలామంది ముఖం చిట్లిస్తారు, మీరు చిట్లించకండి.

నిలకడ గురించి మీ ఇంట్లోవారి భయం అనవసరమైనది కాదు. అటవీ శాఖల ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు, పర్యావరణ ప్రభావ అంచనా చేసే కన్సల్టెన్సీలు, కార్బన్ పథకాలు ఉన్నాయి. అయితే వీటిలో చాలావరకు నిధులున్నంత కాలం నడిచే ఒప్పంద ఉద్యోగాలు. అందుకే వేరే రంగంలోనూ పనికొచ్చే ఒక నైపుణ్యం చేతిలో ఉండాలి. జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల మీద సమాచారాన్ని చేర్చి విశ్లేషించే పద్ధతి), ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ అలాంటివి. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక తీరంలో మడ విస్తీర్ణం ఎలా మారిందో లెక్కగట్టడాన్ని పీజీ ప్రాజెక్టుగా తీసుకోండి. ఆపై ఆ చోటికి స్వయంగా వెళ్లి సరిచూసుకోండి, చిత్రంలో మడలా కనిపించిన పచ్చదనం వేరే మొక్కలదీ కావచ్చు.