చెరిపినా పోని గీతలు: యానిమేషన్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చనిపోయిన అక్కను తలచుకునే తమ్ముడి కథతో మూడు నిమిషాల చేతిబొమ్మల సినిమా తీస్తున్నాను. జ్ఞాపకం చెరిగిపోతోందని చూపించడానికి అక్క బొమ్మను మెల్లగా ఫేడ్ చేశాను. చూసినవాళ్లకు ఏమీ అనిపించలేదు. వేరే దారి ఉందా?

జవాబు: ఫేడ్ అనగానే ప్రేక్షకుడికి తోచేది సీను అయిపోయిందనే. చెరిగిపోవడం కనబడాలంటే నిజంగానే చెరపండి. ఒకే కాగితం మీద బొగ్గుతో గీసి ఫొటో తీయాలి. కదలాల్సిన భాగం మాత్రం చెరిపి, కొంచెం జరిపి గీసి, మళ్లీ ఫొటో తీయాలి. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి సినిమాలు తీసింది ఈ పద్ధతిలోనే. బొగ్గు పూర్తిగా పోదు. నడిచి వెళ్లిన మనిషి వెనక బూడిదరంగు చార మిగులుతుంది. మీ కథకు కావాల్సింది ఆ చారే.

కాగితం 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), కాస్త గరుకుగా ఉండాలి. నున్నటి కాగితం మీద బొగ్గు నిలవదు. గీయడానికి మెత్తటి విల్లో చార్‌కోల్, చెరపడానికి చేత్తో నలపగలిగే నీడెడ్ ఎరేజర్ తీసుకోండి. పొడిని గట్టిగా అదిమి చేసిన కంప్రెస్డ్ చార్‌కోల్ నలుపు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ సరిగా చెరగదు, కదలని గోడలకూ నీడలకూ వాడుకోండి. షాట్ పూర్తయ్యేదాకా బొగ్గును చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్ స్ప్రే జోలికి పోవద్దు.

సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, మూడు నిమిషాలకు 2160. అదే చోట పదేపదే చెరిపితే కాగితం అరిగి పీచు లేస్తుంది, అందుకని ప్రతి షాట్‌కూ కొత్త కాగితం వేసి, షాట్‌ను ఐదారు సెకన్లలో ముగించండి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఇందులో వెనక్కి వెళ్లే వీల్లేదు. పాత బొమ్మ ఫొటోలో తప్ప ఎక్కడా ఉండదు. కాబట్టి ముందు చిన్న స్కెచ్‌లను షాట్ల నిడివి ప్రకారం వరసగా పేర్చి యానిమేటిక్ (నమూనా వీడియో) కట్టి, ఏ షాట్ ఎంతసేపో తేల్చుకున్నాకే బొగ్గు పట్టుకోండి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో తీస్తున్నాను. తెర మీద వెలుగు అదురుతోంది. ఎందుకు?

జవాబు: కెమెరా ఆటోలో ఉండి ఉంటుంది. ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. కిటికీ మూసి, రెండు దీపాలను చెరోపక్క 45 డిగ్రీల్లో నిలపండి. ఫొటో తీసేటప్పుడు ఎప్పుడూ ఒకేచోట నిలబడండి, ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా మీది వెలుగు కాగితం మీద పడినా తేడా తెలిసిపోతుంది. అప్పటికీ పోకపోతే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను అనుమానించాలి, అది ఒక్కోసారి ఒక్కోలా మూసుకుంటుంది. చేత్తో తిప్పే పాత రకం లెన్స్‌తో ఆ బెడద ఉండదు.

ప్రశ్న: వంగి కూర్చున్న తల్లి పడవగా మారాలి. కంప్యూటర్‌లో మార్ఫ్ చేస్తే రబ్బరు సాగినట్టుంది.

జవాబు: అన్ని భాగాలూ ఒకే వేగంతో మారితే అలాగే ఉంటుంది. రెండు బొమ్మలకూ ఉమ్మడిగా ఉన్న గీత వెతకండి: ఆమె వీపు వంపే పడవ అడుగు. ఆ గీతను కదిలించకండి. ముందు తల, తర్వాత చేతులు, చివర్లో చీర మడతలు మారనివ్వండి. సరిగ్గా మధ్యలో వచ్చే బ్రేక్‌డౌన్ బొమ్మ విడిగా చూసినా అర్థవంతంగా ఉండాలి, సగం తల్లి, సగం పడవ. అది కుదరలేదంటే మిగతా ఇన్‌బిట్వీన్లు (నడుమ వచ్చే బొమ్మలు) ఎన్ని గీసినా దండగే. మార్పుకు 16 నుంచి 20 బొమ్మలు, దానికి ముందొక అర సెకను, తర్వాత ఒక సెకను నిలకడ ఇవ్వండి. ఆ నిలకడ లేకపోతే ఏది ఏదైందో కంటికి అందదు.

ప్రశ్న: చనిపోయినవాళ్లు, బతికున్నవాళ్లు ఒకే గదిలో కనిపిస్తారు. రంగు మార్చకుండా తేడా ఎలా చూపాలి?

జవాబు: గీతతో. బతికున్న మనిషి ఊరికే కూర్చున్నా అదే బొమ్మను మూడుసార్లు ట్రేస్ చేసి, వరస మారుస్తూ తిప్పండి. గీత సన్నగా వణుకుతూ ఉంటుంది. రెండే బొమ్మలైతే టకటకా కొట్టుకుంటాయి, మూడు తప్పనిసరి. పోయిన మనిషికి మాత్రం ఒక్క బొమ్మ, వణుకు లేకుండా. మాట చెప్పకుండానే ప్రేక్షకుడు పట్టేస్తాడు, కాకపోతే ఈ నియమాన్ని మొదటి అర నిమిషంలోనే చూపించి, ఎక్కడా తప్పకూడదు. గది ఎగిరినా, గడియారం కరిగినా ఫరవాలేదు. అధివాస్తవం పేరుతో ప్రతి షాట్‌లోనూ కొత్త వింత పెడితే దేనికీ బరువు రాదు.

మొదటి ప్రశ్నలోని అక్కాతమ్ముళ్ల కథకైతే ఈ నియమాన్ని ఒకే ఒక్కచోట కావాలనే తప్పాలి: తమ్ముడు చెయ్యి చాచే షాట్‌లో అక్క గీత ఒక్క సెకను వణకాలి. ఆ క్షణంలో సంగీతం ఆపండి గానీ సౌండ్‌ట్రాక్‌ను పూర్తి నిశ్శబ్దం చేయకండి, స్పీకరు చెడిందనుకుంటారు. ఖాళీ గదిలో ఒక నిమిషం రికార్డు చేసుకున్న రూమ్ టోన్‌ను సన్నగా అడుగున నడవనివ్వండి.