ఎమజోగీ కాదు, సెలయేరూ కాదు

ప్రశ్న: ఎస్టోనియాలోని టార్టులో చదువుకుంటున్నాను. ఊరి మధ్యగా పారే ‘ఎమజోగి నది’ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. పొడవు 100 కిలోమీటర్లే కాబట్టి ‘సెలయేరు’ అన్నాను. ‘నది’ అనాల్సిందేనని మా స్నేహితుడి వాదన. ఏది సరైనది? అది సరస్సులో కలిసే చోటును ‘నది నోరు’ అనవచ్చా?

జవాబు: ముందు పేరు సంగతి. ఎస్టోనియన్ వాళ్లు ‘జె’ అక్షరాన్ని ‘య’ అని పలుకుతారు. కాబట్టి ‘ఎమయొగి’ అనండి. జోగి అని రాస్తే మనవాళ్లకు జోలె పట్టుకున్నాయన గుర్తొస్తాడు! ‘ఎమ’ అంటే అమ్మ, ‘యొగి’ అంటే ఏరు. పేరులోనే ఏరు ఉంది కనుక మళ్లీ ‘నది’ తగిలిస్తే పునరుక్తే. అయినా నేను తప్పు పట్టను. ఖమ్మంలో ‘మున్నేరు వాగు’ అనడం లేదూ? పేరు పాతబడ్డాక అందులోని మాట ఎవరికీ వినిపించదు.

ఏరు చిన్నది, నది పెద్దది అని చాలామంది అనుకుంటారు. అంతటి గోదావరి కట్టనే మనం ‘ఏటిగట్టు’ అంటున్నాం. ఒకటి తెలుగు మాట, రెండోది సంస్కృతం, అంతే. మీ ఇష్టమొచ్చింది వాడుకోండి.

సెలయేరు మాత్రం కుదరదు. ఆ మాట వినగానే కొండవాలు, రాళ్లు, గలగలలు కళ్లముందుకొస్తాయి. ఎమయొగికి దూకడానికి వాలేదీ? వొర్త్స్‌యార్వ్ సరస్సులో బయలుదేరి పెయిప్సి సరస్సులో పడేదాకా మొత్తం పల్లం 4 మీటర్లు కూడా లేదు. అంటే కిలోమీటరుకు రెండు వేళ్ల వెడల్పు! అందుకే చిత్తడి నేలల్లో మెలికలు తిరుగుతూ, తొందర లేకుండా పోతుంది. ఈ మెలికల్ని ‘వంకలు’ అన్నా తప్పు లేదు గానీ, రాయలసీమలో వంక అంటే వాగే. ‘ఏటి వంక’ అని చదివి అనంతపురంవాళ్లు ఇంకో వాగు కలిసిందనుకుంటారు.

‘నది నోరు’ అచ్చంగా ఇంగ్లీషు. మనకు ‘మొగ’ ఉంది. కాకినాడలో ఏటిమొగ అనే పేటే ఉంది. నిజానికి ఈ మాట సముద్రంలో కలిసే చోటుకే అలవాటు. కానీ పెయిప్సి 3,500 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అవతల సగం రష్యా. అంత నీటికి మొగ అనడానికి నాకేం అభ్యంతరం లేదు.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. వసంతంలో మంచు కరిగి, ఎమయొగిలో కలిసే పెద్య ఏరు పొంగితే, ఆ నీళ్లు ఎమయొగి మొదట్లో వెనక్కి మళ్లి వొర్త్స్‌యార్వ్‌లోకే పోతాయి. ఇది మీ వ్యాసంలోకి వస్తే ‘వ్యతిరేక దిశలో ప్రవహించును’ అని రాయకండి. ‘ఏరు ఎదురుపారుతుంది’ అంటే చాలు. ఆ పేరాలో ఎగువ, దిగువ అనే మాటలు కూడా వద్దు. ‘సరస్సు వైపు’, ‘టార్టు వైపు’ అనండి. ఆ రోజుల్లో ఏది ఎగువో అక్కడి చేపలకే తెలియాలి.