క్వారీ రిపోర్టులో ఎలుగుబంటి ఊసే లేదు, ప్రజాభిప్రాయ సేకరణలో ఏం చేయాలి?

మీరడిగింది ఇది కదా: గుట్ట మీద 8 హెక్టార్ల గ్రానైట్ క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చింది, ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులో మాత్రం ఎలుగుబంటి లేనే లేదు, ఇప్పుడేం చేయాలని.

నోటీసు గడువు కనీసం 30 రోజులు. ఆర్టీఐ (సమాచార హక్కు) జవాబుకూ 30 రోజులే. కాబట్టి ఈరోజే డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) ఆఫీసులో ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి: గత ఐదేళ్లలో మీ మండలంలో ఎలుగుబంటి దాడులకు ఇచ్చిన నష్టపరిహారం, ఊరివారీగా, తేదీలతో. అటవీశాఖే డబ్బు కట్టిన జంతువు అక్కడ లేదని రిపోర్టు రాసిన కన్సల్టెంట్ ఎలా వాదిస్తాడు? ఎన్ని ఫొటోలున్నా ఈ కాగితం ముందు తక్కువే.

తర్వాత కలెక్టరేట్‌లోనో జడ్పీ ఆఫీసులోనో డ్రాఫ్ట్ రిపోర్టు మొత్తం తిరగేయండి. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోవద్దు. సర్వే ఏ తేదీల్లో చేశారు, రాత్రి తిరిగారా, జంతువుల జాబితా మీద అటవీశాఖ ధ్రువీకరణ ఉందా చూడండి. వానాకాలం కాని ఒక్క సీజన్ డేటా ఉంటే నిబంధనకు సరిపోతుంది, చిక్కంతా అక్కడే. ఎండాకాలం పగటిపూట వచ్చి వెళ్లిన బృందానికి బండల సందులో పడుకున్న ఎలుగు ఎక్కడ కనిపిస్తుంది? కొండల్లో ఉండే పెద్ద గుడ్లగూబ అసలు గూడే కట్టదు, బండ అరుగు మీదే గుడ్లు పెడుతుంది. గూడు కోసం వెతికినవాడు 'లేదు' అనే రాసుకుంటాడు. మన గుట్టల్లో బతకని జంతువు పేరు జాబితాలో దొరికిందా, వేరే రిపోర్టు నుంచి దించారన్నమాటే. పేజీ నంబరు రాసుకోండి. శబ్దం కొలిచిన చోట్లూ చూడండి, గుహల దగ్గర ఒక్కటైనా ఉందా?

ఆనవాళ్లు మీరే సేకరించొచ్చు: తవ్విన చెదపుట్టలు, తునికి, రేగు గింజలున్న పెంట, చెట్ల మీద గోళ్ల గీతలు. పక్కన స్కేలు పెట్టి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ జీపీఎస్ వివరాలు ఎగిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. వీలైతే బీట్ ఆఫీసర్‌ని వెంట తీసుకెళ్లండి. గుహలోకి మాత్రం తొంగి చూడొద్దు, చలికాలంలో పిల్లలతో ఉన్న తల్లి ఉండొచ్చు.

సభను బహిష్కరిస్తే ఆగిపోతుందనుకోకండి. కోరం (కనీసం ఇంతమంది రావాలి) అనే లెక్కే లేదు, నలుగురొచ్చినా జరిగినట్టే. అరుపులు మినిట్స్‌లో ఒక్క లైనైపోతాయి. రాతపూర్వకంగా ఇచ్చి, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) రసీదు తీసుకోండి. అక్కడ లేవనెత్తిన పర్యావరణ అభ్యంతరాలకు తుది రిపోర్టులో కంపెనీ జవాబివ్వాల్సిందే. ఎలుగుబంటి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. దానికి ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక, బడ్జెట్‌తో సహా అడగండి. 'నీటి తొట్లు, మొక్కలు' అని రాసి చేతులు దులుపుకుంటారు. గుహ ఉన్న బండను తవ్వాక తొట్టి ఎవరికి?

లీజు 5 హెక్టార్లలోపే ఉన్న ఊళ్లవాళ్లకు ఒక మాట: 500 మీటర్లలోపు అదే రకం ఖనిజానికి వేరే లీజులుంటే సాధారణంగా కలిపి క్లస్టర్‌గా లెక్కేస్తారు. మొత్తం 5 హెక్టార్లు దాటితే సభ తప్పదు.

క్వారీకి పర్యావరణ అనుమతి వచ్చేసినా 30 రోజుల్లో చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్‌లో అప్పీలు వేయొచ్చు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు అనుమతిస్తారు, అది దాటితే తీసుకోరు. అందుకే పర్యావరణ అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో ఆ ప్రతిపాదన నంబరు కొట్టి వారానికోసారి చూస్తుండండి.