తేలు కుట్టిన పూట కూలి కొయ్యకు

చి. శీనుకి మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

సైటు సూపర్‌వైజరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. హెల్మెట్ల సంగతి కంపెనీవాళ్ళే చెబుతారు. పురుగూ పుట్రా సంగతి ఎవరూ చెప్పరని రాస్తున్నా.

కొన్నాళ్ళుగా కదల్చని సెంట్రింగ్ పలకలు, ఇటుకల దొంతర్లు, తడి గోనెపట్టాలు... తేలు నక్కేది అక్కడే. వట్టి చెయ్యి పెట్టనివ్వకు. ముందు రాడ్డు ముక్కతో కదిలించాలి. పలక ఎత్తేటప్పుడు సందు అవతలివైపుకి తెరుచుకోవాలి, మన కాళ్ళవైపుకి కాదు. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోమను.

నల్లటి మండ్రగబ్బని చూసి అందరూ హడలిపోతారు గానీ, అసలు భయపడాల్సింది చిన్న ఎర్ర తేలుకి. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఆయాసం కనిపిస్తే గుండె మీద దెబ్బ పడుతున్నట్టే. నొప్పి లేదంటున్నాడని ఊరుకోకు. మంత్రాలకీ, కోసి రక్తం పిండటానికీ టైమ్ తగలెయ్యనివ్వకు. మహారాష్ట్రలో మహాడ్ డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ రక్తపోటుకి వాడే ప్రాజోసిన్ మాత్రతో ఈ తేలు కాటుకి వైద్యం చేసి చూపించారు. 2022లో ఆయనకి పద్మశ్రీ కూడా ఇచ్చారు. అలాగని నువ్వు ఆ మాత్ర కొని ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో పెట్టకు, అది ఆసుపత్రిలో బీపీ చూస్తూ ఇవ్వాల్సింది. ఏ ఆసుపత్రిలో ఆ వైద్యం చేస్తారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో.

సాలెపురుగులతో మనవైపు అంత భయం లేదు.

తేనెపట్టు సంగతి వేరు. వాటర్ ట్యాంకు అడుగునో, శ్లాబు అంచునో పెద్ద పట్టు కనబడితే ఆ వైపు డ్రిల్లింగ్ ఆపించి, తేనె తీసేవాళ్ళని పిలిపించు. మన కుర్రాళ్ళచేత పొగ పెట్టించకు. ఈగలు ముసిరాక పరంజా మీదున్నవాడు బెల్టు విప్పితే పడతాడు, విప్పకపోతే వాటి మధ్యే ఇరుక్కుంటాడు. కుడితే ముల్లు గోరుతో వెంటనే గీకెయ్యాలి. పెదవులు వాచినా, గొంతు పట్టేసినా 108కి ఫోన్ కొట్టు, కాసేపు చూద్దాం అనొద్దు.

ఇంకోటి. ఆ పూట కూలి పోతుందని చాలామంది కుట్టినా చెప్పరు, చేతికి గుడ్డ చుట్టుకుని తట్ట మోస్తారు. కాంట్రాక్టరు గొణిగితే గొణగనీ, మస్టర్లో పూర్తి హాజరు వెయ్యి. ప్రమాదాల రిజిస్టర్లో టైమ్‌తో సహా రాయించు.

మీ అత్తయ్య అడిగానని చెప్పమంది.

మీ మావయ్య