బయాప్సీ రిపోర్టులో ‘లాస్’ అని ఉంటే క్యాన్సర్ పాకినట్టేనా?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కోసి తీసిన ముక్క మీద చేసిన ప్రోటీన్ పరీక్షల్లో ‘ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లాస్’ అనీ, ‘కీ-67 70 శాతం’ అనీ వచ్చింది. క్యాన్సర్ పాకిపోయిందని దాని అర్థమా?

కాదండి. పాకిందో లేదో ఆ రెండు లైన్లూ చెప్పవు. నేను డాక్టర్‌ని కాదు. నాలుగేళ్ల క్రితం మా అమ్మ రిపోర్టులోనూ దాదాపు ఇవే మాటలు ఉన్నాయి. ‘లాస్’ అన్న మాట చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఏదో పోయింది అంటే మంచిదై ఉండదని మనసు ముందే తేల్చేసుకుంటుంది కదా.

నా టెన్షన్ చూసి ఆసుపత్రిలో పాథాలజిస్ట్ (కోసి తీసిన ముక్కను పరీక్షించే డాక్టర్) ఒకావిడ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి స్లైడ్ చూపించారు. తీసిన ముక్కను మైనంలో బిగించి బ్లాక్ చేస్తారు. దాన్నుంచి ఉల్లిపొర కంటే పల్చగా ఒక పొర కోసి, ఒక్కో ప్రోటీన్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీ వేస్తారు. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేనిచోట నీలం మిగులుతుంది. అమ్మ స్లైడ్‌లో క్యాన్సర్ కణాల కేంద్రకాలన్నీ నీలంగా ఉన్నాయి, పక్కనే ఉన్న మామూలు కణాలు మాత్రం గోధుమరంగులో ఉన్నాయి. “ఈ పక్కవాటికి రంగు ఎక్కింది కాబట్టే పరీక్ష సరిగ్గా జరిగిందని నమ్ముతాం” అన్నారావిడ.

ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే ఈ నాలుగూ కణం లోపల ప్రూఫులు దిద్దేవాళ్లు. కణం రెండుగా విడిపోయేముందు డీఎన్ఏని నకలు రాసుకుంటుంది, ఆ నకల్లో వచ్చే తప్పులు దిద్దడం వీటి పని. మొదటి రెండూ జంట. ఎంఎల్‌హెచ్1 పోతే పీఎంఎస్2 కూడా నిలవలేదు, అందుకే రెండూ కలిసే పోయినట్టు కనిపిస్తాయి. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఇలాంటివే.

దిద్దేవాళ్లు లేకపోతే తప్పులు కుప్పలుగా పేరుకుంటాయి. ఆ తప్పుల వల్ల తయారయ్యే వింత ప్రోటీన్లను చూసి మన రోగనిరోధక కణాలు గుంపుగా వచ్చి చేరతాయి. అందుకేనేమో, తొలి దశల్లో ఈ రకం క్యాన్సర్ మిగతావాటికంటే తక్కువగా పాకుతుంది. నేను ఏ మాట చూసి ఏడ్చానో అదే మాకు కాస్త మంచి కబురని అప్పుడు తెలిసింది. అమ్మది స్టేజి 2, అంటే లింఫ్ నోడ్స్‌కి (రోగనిరోధక కణాలుండే చిన్న గ్రంథులకి) చేరనిది. ముందు జాగ్రత్తగా ఒకే మందుతో కీమో మాత్రలు వేద్దామని మొదట అనుకున్నారు. ఈ రిపోర్టు వచ్చాక ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) వద్దన్నారు, ఎందుకంటే స్టేజి 2లో ఈ రకానికి ఆ ఒక్క మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు. నోడ్స్‌కి చేరిన స్టేజి 3 అయితే లెక్క వేరు, అక్కడ కీమో మామూలుగానే ఇస్తారు. ఒకవేళ దూరంగా పాకినా ఇమ్యూనోథెరపీ (మన రోగనిరోధక కణాల చేతే క్యాన్సర్‌ని కొట్టించే వైద్యం) బాగా పనిచేసేది ఈ రకం మీదే. అలాంటి మందే అయిన పెంబ్రోలిజుమాబ్‌ని 2020 నుంచి మొదటి మందుగానే వాడుతున్నారు.

కీ-67 గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. ఎన్ని కణాలు విభజన పనిలో ఉన్నాయో చెప్పే అంకె అది. రొమ్ము క్యాన్సర్ వాళ్లకి దాని బరువు వేరు. పేగు లోపలి పొర ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా రోజూ తనని తాను కొత్తగా కట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి, ఇక్కడ 70 అని ఉన్నంత మాత్రాన పాకుతోందని అర్థం కాదు.

మరి పాకిందని ఏది చెబుతుంది? రిపోర్టులో పీటీ, పీఎన్ అని చిన్న అక్షరాల్లో ఉండే లైన్, దానితోపాటు సీటీ స్కాన్. పీటీ అంటే గడ్డ పేగు గోడలో ఎంత లోతుకి దిగిందీ, పీఎన్ అంటే లింఫ్ నోడ్స్‌కి చేరిందా లేదా. రక్తనాళాల్లోకి గానీ నరాల చుట్టూ గానీ చొరబడిందా అన్నది ఇంకో లైన్‌లో ఉంటుంది. పెద్దపేగు రక్తం చాలావరకు ముందు కాలేయానికే వెళ్తుంది కాబట్టి స్కాన్‌లో కాలేయాన్ని అంత జాగ్రత్తగా చూస్తారు.

నోడ్స్ దగ్గర మాకో గట్టి అనుభవం ఉంది. అమ్మ మొదటి రిపోర్టులో ‘9 నోడ్స్ చూశాం, 9లోనూ లేదు’ అని ఉంది. నాకు పండగలా అనిపించింది. కానీ ఆంకాలజిస్ట్ మొహం చిట్లించారు. కనీసం 12 చూడందే ‘లేదు’ అనే మాటకి పూర్తి విలువ ఉండదట. ఫార్మలిన్‌లో దాచిన ముక్కను మళ్లీ తీసి, పేగుకి అంటుకున్న కొవ్వులో వేళ్లతో తడిమి వెతకమని ల్యాబ్‌కి రాశారు. ఇంకో 8 దొరికాయి. కొన్ని కందిగింజంత కూడా లేవట. అదృష్టవశాత్తూ వాటిలోనూ ఏమీ లేదు. ఒక్కదాన్లో ఉన్నా స్టేజి 3 అయ్యేది. నిజం చెప్పాలంటే అన్ని ప్రోటీన్ పరీక్షలకంటే ఆ తడిమి వెతకడమే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

పాకడంతో నేరుగా ముడిపడ్డ ప్రోటీన్లు లేవా అంటే ఉన్నాయి, వాటి గురించి ఇంటర్నెట్‌లో తెగ చదివాను. ఈ-క్యాడ్‌హెరిన్ కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే బంక లాంటిది, అది తగ్గితే కణం గుంపు వదిలి బయటపడగలదు. బీటా-క్యాటెనిన్ మామూలుగా కణం అంచున ఉంటుంది, క్యాన్సర్‌లో కేంద్రకంలోకి చేరుతుంది. ఎంఎంపీలు అనే ఎంజైములు దారికి అడ్డమొచ్చిన కణజాలాన్ని కత్తిరిస్తాయి. ఎంఏసీసీ1 అనేదాన్ని 2009లో జర్మనీ పరిశోధకులు పాకే గుణంతో ముడిపెట్టారు. సీడీఎక్స్2 అసలు పేగు కణానికి గుర్తింపు కార్డు లాంటిది. అది పోయిన స్టేజి 2 గడ్డలు తిరగబెట్టే అవకాశం ఎక్కువని 2016లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. వినడానికి అన్నీ బాగానే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే ఎంత రంగు ఎక్కితే ‘ఎక్కువ’ అనాలో ఒక్కో పరిశోధనది ఒక్కో లెక్క. గడ్డ నడుమ ఒక రంగు, అంచున ఇంకో రంగు. వీటిలో ఏ ఒక్కదాన్నీ చూసి కీమో ఇవ్వాలా వద్దా అని మా డాక్టర్ తేల్చలేదు. ఆ పేపర్లు చదివి నేను సంపాదించింది గాభరా ఒక్కటే.

వీటికంటే రిపోర్టులో ‘ట్యూమర్ బడ్డింగ్’ అన్న మాట ఉందేమో చూడండి. గడ్డ అంచున ఒంటరిగానో, నాలుగు కణాల వరకు ఉన్న గుంపుగానో విడిపోయి కనిపించే మొలకలవి. బంక వదిలిన కణాలు నిజంగా ఏం చేస్తున్నాయో అక్కడ కంటికే కనిపిస్తుంది. 2016లో అంతర్జాతీయంగా లెక్క ఒకటి కుదిరింది: మొలకలు 4 వరకు ఉంటే తక్కువ, 5 నుంచి 9 మధ్యస్థం, 10 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ. స్టేజి 2లో డాక్టర్లు దీన్ని పట్టించుకుంటారు.

ఇక మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఎంఎల్‌హెచ్1 పోయినప్పుడు అది వంశపారంపర్యమా కాదా అన్నది తేల్చుకోవాలి. క్యాన్సర్ కణాల్లో బీఆర్ఏఎఫ్ వీ600ఈ అనే జన్యుమార్పు ఉందేమో చూసే పరీక్ష పాజిటివ్ వస్తే దాదాపుగా వంశపారంపర్యం కాదు. అమ్మకి అలాగే వచ్చింది, మా అన్నయ్యా నేనూ ఊపిరి పీల్చుకున్నాం. నెగటివ్ వస్తే మాత్రం ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ పరీక్ష (ఆ జన్యువు గడ్డలో మూతపడిందేమో చూసేది), అవసరమైతే లించ్ సిండ్రోమ్ (ఈ క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం) కోసం రక్తంతో జన్యు పరీక్ష ఉంటాయి. అది తేలితే మీరూ మీ తోబుట్టువులూ కూడా ఆ జన్యు పరీక్ష చేయించుకోవాలి, అందులో ఆ లోపం ఉన్నవాళ్లు చిన్న వయసు నుంచే కొలనోస్కోపీలు (పేగు లోపల కెమెరాతో చూసే పరీక్షలు) చేయించుకోవాలి. నాన్నగారి రిపోర్టులో ఆ లైన్ లేకపోతే వచ్చే విజిట్‌లో మీరే అడగండి. ఇందుకు కొత్తగా ముక్క తీయక్కర్లేదు, ల్యాబ్‌లో ఉన్న బ్లాక్ సరిపోతుంది.

పీటీ, పీఎన్ లైనూ, ఎన్ని నోడ్స్ చూశారో ఆ అంకే ఇక్కడ రాస్తే, మా అమ్మ రిపోర్టు పక్కన పెట్టుకుని నాకు తెలిసినంతలో చెబుతాను. పేరూ ఫోన్ నంబరూ ఉన్న పేజీ మాత్రం పెట్టకండి.