పొద్దున్నే టకటకమంటే వెంటనే ఇంజన్ విప్పనివ్వకండి

మదనపల్లె నుంచో హిందూపురం నుంచో పికప్ తెచ్చుకుని, బతుకుతెరువు కోసం బెంగళూరులో దిగిన తమ్ముళ్లు చలికాలం రాగానే నన్ను అడిగే మాట ఇది: "అన్నా, తెల్లారుజామున సెల్ఫ్ కొట్టగానే టకటకమంటోంది. కాసేపటికి తగ్గిపోతోంది. మెకానిక్ ఇంజన్ పని పడిందంటున్నాడు. చేయించమంటావా?"

తొందరపడకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కాక పోయే శబ్దాల్లో చాలావాటికి ఇంజన్ దించాల్సిన పనే ఉండదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మీరు నాలుగింటికి లేచి కేఆర్ మార్కెట్‌లో లోడు దించి, పదింటికి షెడ్డుకు వెళతారు. అప్పటికి ఇంజన్ కాగిపోయి ఉంటుంది, శబ్దం ఉండదు. వినని శబ్దానికి మెకానిక్ ఊహించి చెబుతాడు, ఆ ఊహకు డబ్బు మీరు కడతారు. అందుకే ముందురోజు సాయంత్రమే బండిని షెడ్డులో వదిలేయండి. పొద్దున మొదటి సెల్ఫ్ మెకానిక్ చేతే కొట్టించండి. ఒక కిరాయి పోతే పోయింది. అది కుదరకపోతే బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టకముందు నుంచి రెండు మూడు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. జేసీ రోడ్డు, కలాసిపాళ్యం వైపు తెలుగు తెలిసిన మెకానిక్‌లు దొరుకుతారు కాబట్టి భాష గురించి బెంగ వద్దు.

శబ్దం ఎంతసేపటికి పోతోందో గమనించండి. రెండు మూడు సెకన్లలో పోతే అది ఎక్కువగా ఆయిల్ సంగతి. రాత్రంతా ఆయిల్ కింద చాంబర్‌లోకి దిగిపోతుంది, పొద్దున మళ్లీ పైకెక్కేదాకా వాల్వులను కదిలించే ట్యాపెట్లో, ఇంజన్ లోపలి చైనో మోగుతాయి. చాలా ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది. నాసిరకం ఫిల్టర్‌లో అది సరిగా పట్టదు. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. కంపెనీ పుస్తకంలో 15డబ్ల్యూ-40 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) అని ఉంటే అదే పోయించి, మంచి ఫిల్టర్ వేయించి, మళ్లీ వినండి.

డీజిల్ ఇంజన్ చలిలో కాస్త గట్టిగా కొట్టుకోవడం మామూలే. సిలిండర్‌లో గాలి చల్లగా ఉంటే డీజిల్ అంటుకోవడం కొంచెం ఆలస్యమవుతుంది, ఆలోపు చేరిన డీజిల్ అంతా ఒక్కసారిగా మండుతుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడ తెల్లారుజామున 15 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది కదా, అప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

నిమిషాల తరబడి ఉండి మెల్లగా తగ్గే టిక్‌టిక్ అయితే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి పంపే గొట్టాల భాగం) చూడమని అడగండి. దీన్ని ట్యాపెట్ సౌండ్ అనుకుని ఇంజన్ పైమూత విప్పేవాళ్లు ఉన్నారు, నాకు బాధ కలిగించేది అదే. ప్యాకింగ్ కాలినా, బోల్టు విరిగినా ఆ సందులోంచి పొగ కొట్టుకుంటూ వస్తుంది. ఇనుము వేడెక్కి సాగాక సందు మూసుకుపోతుంది, శబ్దం ఆగుతుంది. టార్చి వేసి చూస్తే ఇంజన్ హెడ్డుకూ (పైభాగానికీ) మ్యానిఫోల్డ్‌కూ మధ్య నల్లటి మసి చార కనబడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక వేలితో రుద్దితే ఆ మసి చేతికంటుతుంది.

కీచుమని అరిస్తే చాలాసార్లు బెల్టే. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌తో కలిపి చూపించండి.

ఒక్క శబ్దానికి మాత్రం భయపడాలి. కింది నుంచి బరువుగా ధనధనమని కొడుతూ, వేడెక్కేకొద్దీ, లోడు లాగేకొద్దీ పెరిగితే బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు క్రాంకుకు కలిసేచోట ఉండేది) పోతూ ఉండొచ్చు. ఆయిల్ లైటు కూడా వెలిగితే ఆ క్షణమే ఆపేయండి, కిలోమీటరు కూడా నడపకండి, టోయింగ్ పిలిపించండి. అక్కడ ఇంకాస్త నడిపితే క్రాంకు దాకా పోతుంది.

ఏ శబ్దమొచ్చినా పొద్దున్నే రేస్ చేయకండి. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) బేరింగులకు ఆయిల్ చేరడానికి కాస్త సమయం కావాలి. అర నిమిషం స్లోలో ఉంచి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి.

ఇక్కడే సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకునేవాళ్లకు ఇంకో మాట. చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆరోజు బేరం ఆడొద్దు. మర్నాడు పొద్దున ఆరింటికి వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వచ్చేయండి.