తెలుగులో మంచి వ్యక్తిగత బ్లాగులు ఎలా దొరుకుతాయి?

గూగుల్‌లో తెలుగులో ఏది వెతికినా సినిమా కబుర్లు, రాశిఫలాలు, ఉద్యోగ నోటిఫికేషన్లే వస్తున్నాయి, మామూలు మనుషులు సొంతంగా రాసుకునే బ్లాగులు ఇంకా ఉన్నాయా, ఉంటే ఎలా పట్టుకోవాలి అని అడిగారు. ఉన్నాయండీ, బోలెడున్నాయి. కాకపోతే విషయం పేరు కొట్టి వెతికితే అవి రావు. ఒకరి బ్లాగులోంచి ఇంకొకరి బ్లాగులోకి, మనిషిని పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్ళాలి. నాకు దొరికిన మంచి బ్లాగులన్నీ అలా దొరికినవే.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పద్నాలుగేళ్ళు. ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, పనున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అడగడానికి నాకు ధైర్యం చాలేది కాదు. కానీ తెలుసుకోవాలని చిన్నప్పటి నుంచీ ఉండేది. "దివిసీమ ఉప్పెన" అని కొట్టి చూడండి, ఏటా నవంబరులో వేసే అవే నాలుగు పేరాలు వస్తాయి. సుమారు 10,000 మంది పోయారు, ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, ఆ చేదు జ్ఞాపకాలకు ఇన్నేళ్ళు. ఒకరి దగ్గర ఒకరు దించుకున్నవే అన్నీ. ఎన్ని చదివినా అక్కడ బతికిన ఒక్క మనిషీ కళ్ళకి కట్టడు.

ఒకసారి చింతచిగురు పప్పు ఎలా చేయాలో చూద్దామని ఒకావిడ వంటల బ్లాగులోకి వెళ్ళాను. పేజీ పక్కన "నేను చదివేవి" అని ఆవిడ ఒక జాబితా పెట్టుకున్నారు. నాలుగైదు వంటల బ్లాగులు, ఒక పద్యాల బ్లాగు, అన్నిటికంటే కింద ఏమిటో అర్థంకాని పేరొకటి. నొక్కాను. రిటైరైన పోస్టుమాస్టరు గారొకరి బ్లాగు అది. ఫొటోల్లేవు, హంగుల్లేవు, అక్షరాలు కూడా చిన్నవి. టపాలు, అంటే బ్లాగులో రాసుకున్న రాతలు, ముప్పైకి మించి లేవు. వాటిలో ఒకదాని పేరు "కార్తీకం".

అందులో ఉప్పెన అన్న మాట ఒక్కసారి కూడా రాదు. "ఆ శనివారం" అని రాశారు, "నీళ్ళొచ్చిన రాత్రి" అని రాశారు. అప్పటికి ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. నీళ్ళు తీశాక పోస్టాఫీసు మళ్ళీ తెరిస్తే మొదట వచ్చిపడినవి మనియార్డర్లట. వార్త విని ఎక్కడెక్కడి బంధువులో పంపిన డబ్బు. పది రూపాయలు, పదిహేను రూపాయలు. కింద కూపన్‌లో రెండే ముక్కలు, "క్షేమ సమాచారం తెలుపగలరు" అని. ఆ ఫారాలు సంచిలో వేసుకుని, ఎండి పెచ్చులు లేచిన ఉప్పుబురద మీద సైకిల్ నడిపించుకుంటూ ఊరూరా తిరిగారు. వీధి ఎక్కడుండేదో చెప్పేవాళ్ళు కూడా లేని చోట్ల, చెరువు గట్టు మీద కూర్చున్న వాళ్ళకి పేర్లు చదివి వినిపించేవారట. ఒక్కో పేరుకి వాళ్ళు తల అడ్డంగా ఊపేవారు. తీసుకునే మనిషి లేకపోతే కారణం రాసి, పంపినవాళ్ళకే డబ్బు వాపసు చేయాలి. ఆ కారణం రాయడానికి చెయ్యి రాక కొన్ని ఫారాలు ఆ రాత్రికి పెట్టెలోనే ఉంచేశానని రాశారు.

వాటిలో ఒకటి ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. అక్కడ రైల్వేలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కదా. పదిహేను రూపాయలు. వాపసు పంపారు. మరుసటి నెల అదే మనిషి, అదే పేరుకి, ఈసారి ఇరవై రూపాయలు పంపాడు. కూపన్‌లో "కిందటిసారి పొరపాటున తిరిగి వచ్చినది, ఈసారి తప్పక అందజేయగలరు" అని ఉంది. టపా అక్కడితో అయిపోయింది. కింద ఒక్క కామెంటు కూడా లేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనియార్డర్లు రావడం నిజమేనే, మా మేనమామ పేరు మీద కూడా ఒకటొచ్చిందన్నారు" అంది. ఇక ఆగలేదు. వాళ్ళ బావిలో నీళ్ళు మళ్ళీ వేసవి దాకా నోట పెట్టుకోలేకపోయారట. పొలంలో మరుసటి ఏడు నారు వేస్తే ఎర్రబడి చచ్చిపోయిందట. ఇన్నేళ్ళుగా మా అమ్మ నోట రాని మాటలు, ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన రాసిన పేజీన్నర బయటికి తెచ్చింది. అందుకే బ్లాగుల గురించి ఎవరైనా "టైంపాస్" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

గూగుల్ ఆ టపాను నాకెందుకు చూపించలేదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మనసులోది రాసుకునే మనిషి ఏ మాట పెడితే జనం వస్తారా అని చూసుకోడు. మనం మాత్రం పత్రికల హెడ్డింగులో ఉండే మాటలే కొట్టి వెతుకుతాం. కాబట్టి ఇంట్లో మాట్లాడే మాటలు కొట్టండి. "బాల్య జ్ఞాపకాలు" బదులు "మా అమ్మమ్మగారి ఊళ్ళో", "రైలు ప్రయాణం" బదులు "గుంటూరు పాసింజరు". మాటల ముందు సైట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ అని చేరిస్తే గూగుల్ వాళ్ళ ఆ సైట్‌లో పెట్టుకున్న బ్లాగులు మాత్రమే వస్తాయి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌కీ ఇదే పద్ధతి.

ఒకటి దొరికిందంటే ఇక గూగుల్ వదిలేయండి. పక్కనున్న జాబితా చూడండి. ఆ జాబితాలు పెద్ద పేరున్న బ్లాగుల్లో కంటే చిన్నవాటిలోనే బాగుంటాయి, ఎందుకంటే నిజంగా చదివేవే పెట్టుకుంటారు. కామెంట్లు రాసినవాళ్ళ పేర్ల మీద నొక్కండి, చాలామందికి సొంత బ్లాగు ఉంటుంది. పాత జాబితాల్లో కొన్ని లింకులు బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అని ఉంటాయి. ఆ చిరునామా గూగుల్ చేతిలోంచి పోయింది కాబట్టి అవి తెరుచుకోవు. చివర ఇన్ తీసి కామ్ అని మార్చండి, చాలావరకు తెరుచుకుంటాయి. బ్లాగు మొత్తమే ఎత్తేసి ఉంటే దాని చిరునామా, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి. చనిపోయినవాళ్ళ బ్లాగులు నేను అక్కడ చదివాను.

ఇదంతా ఒకప్పుడు ఇంత కష్టం కాదు. 2006 తర్వాత కొన్నేళ్ళు తెలుగు బ్లాగులకి మంచి రోజులు. వీవెన్ గారు లేఖిని తయారు చేశాక ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయడం అందరికీ చేతిలో పనైంది. బ్లాగుల్లో కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి కూడా ఆయనదే. అది కాక అలాంటివే జల్లెడ, హారం, మాలిక ఉండేవి. పొద్దున్నే ఆ పేజీ తెరిస్తే ఎవరెవరు కొత్తగా ఏం రాశారో వరసగా కనిపించేది. నిన్న మొదలుపెట్టినవాళ్ళదీ, పేరు మోసినవాళ్ళదీ ఒకే జాబితాలో, రాసిన వేళని బట్టి ఉండేవి. మనకి నచ్చిన బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చదివించే గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశారు, ఫేస్‌బుక్ అప్పటికే జనాన్ని లాగేసింది. అక్కడ ఎంత బాగా రాసినా రెండు రోజుల్లో అడుగుకి పోతుంది, ఏడాది తర్వాత రాసినవాళ్ళకే దొరకదు. తెలుగు రాతకి దీనివల్ల జరిగినంత నష్టం ఇంక దేనివల్లా జరగలేదని నా గట్టి నమ్మకం.

వాట్సాప్ ఫార్వర్డుల సంగతి వేరే చెప్పాలా. ఆ పోస్టుమాస్టరు గారి ఇంకో టపా, కింద పేరు పీకేసి, పైన రెండు దండాలు పెట్టి, మా బంధువుల గ్రూపులోకే వచ్చింది. అసలు లింకు పెట్టి, ఇది ఫలానా ఆయన రాసింది అని చెప్తే "ఎవరు రాస్తే ఏంటమ్మా, బాగుంది కదా" అన్నారు. రాసినవాళ్ళ పేరు తీసేయడం దొంగతనం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇంకో మాట, చాలామందికి నచ్చదు. సాహిత్యం బ్లాగుల కంటే ఉద్యోగం, చేతిపని చేసినవాళ్ళ బ్లాగులు వెయ్యి రెట్లు మేలు. లైన్‌మన్, నర్సు, బస్సు కండక్టరు, ప్రైమరీ స్కూలు టీచరు, వీళ్ళకి చెప్పడానికి సరుకుంటుంది. అచ్చుతప్పులుంటే ఉండనీండి. ముందు అలాంటివాటి కోసం చూడండి.

ఇంగ్లిష్ కూడా చదువుతారు అనుకుంటే పని సులువు. ఊ డైరెక్టరీ అని 2022లో మొదలైంది, బ్లాగులని విషయాలవారీగా సర్ది పెట్టారు. మార్జినాలియా అని స్వీడన్‌లో ఒకాయన తయారుచేసిన సెర్చ్ ఇంజన్ ఉంది, అది రాత ఎక్కువున్న పాతకాలపు పేజీలనే ముందుకి తెస్తుంది. తెలుగుకి అలాంటిది ఒకటి ఎవరైనా చేస్తే బాగుండును.

నచ్చినవి దొరికాక, గూగుల్ రీడర్ లాంటివే అయిన ఫీడ్లీలోనో ఇనోరీడర్‌లోనో చేర్చుకోండి. ఆరునెలలకోసారి రాసేవాళ్ళే ఎక్కువ, రోజూ వెళ్ళి చూడటం అయ్యే పని కాదు. ఆ తర్వాత కామెంటు రాయండి. టపా ఎన్నేళ్ళ కిందటిదైనా సరే రాయండి. "కార్తీకం" కింద నేను అమ్మ చెప్పిన బావి సంగతి రాశాను. కొన్ని వారాలు ఏమీ లేదు. తర్వాత జవాబొచ్చింది: "మీ తాతగారి ఇంటిపేరు చెప్పగలవా అమ్మా?" చెప్పాను. ఆ నెలలోనే ఆయన కొత్త టపా రాశారు, ఎన్నో ఏళ్ళ తర్వాత. ఉప్పునీళ్ళ బావుల గురించి. ఎవరూ చదవట్లేదనుకుని మానేశానని అందులోనే రాశారు.

మీది ఏ ఊరో, ఏం చేస్తుంటారో, ఏ సంగతులంటే ఇష్టమో కింద రాయండి. దాన్ని బట్టి నా ఫీడ్‌లో ఉన్నవి కొన్ని ఇస్తాను. అందరికీ ఒకటే జాబితా మాత్రం ఇవ్వను.